పెట్టెలో వచ్చే ట్యూబు, పోనంటున్న తామర

సెలవు ముగించుకుని ఊరి నుంచి వచ్చిన మనవాళ్ల పెట్టె తెరిస్తే ఏముంటుంది? మామిడికాయ తొక్కు, సకినాలు, కారప్పొడి. వాటి కింద, బట్టల మడతల్లో రబ్బరు బ్యాండు వేసి కట్టిన నాలుగైదు క్రీము ట్యూబులు. "అన్నా, వచ్చేటప్పుడు దురద మందు తే" అని రూములోవాళ్లు ఫోను చేసి మరీ చెప్పినవే. ఊళ్లో మందుల షాపుకు పోయి పేరు చెబితే చీటీ అడగకుండా ఇచ్చేస్తారు. రాసిన రెండో రోజుకు దురద మాయం. ఇంత మంచి మందు చేతిలో ఉండగా ఒక రోజు జీతం పోగొట్టుకుని డాక్టరు దగ్గరికి ఎందుకు పోవాలి అని ఎవరైనా అనుకుంటారు. గల్ఫ్ క్యాంపుల్లో మనవాళ్ల తామర ఏళ్ల తరబడి తగ్గకపోవడానికి పెద్ద కారణం ఆ ట్యూబే అంటే నమ్మడం కష్టం.

మొన్నామధ్య షార్జాలో ఒక క్యాంపు రూముకు వెళ్లాం. ఎనిమిది మంది, బంకు బెడ్లు, ఒక ఏసీ, మంచాల మధ్య కట్టిన తాడు మీద తువ్వాళ్లు. తొడల సందులోనో, నడుము చుట్టో తామర ఉన్నవాళ్లు ఆరుగురు. జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన ఒక తమ్ముడు షట్టరింగ్ పని చేస్తాడు. "రెండేండ్లయింది అన్నా. ట్యూబు రాస్తే పోతది, ఆపితే మళ్ల వస్తది. మొదట రూపాయి బిళ్లంత ఉండె, ఇప్పుడు నడుమంతా అయింది" అన్నాడు. తొడల లోపలివైపు చర్మం పల్చబడి, కాన్పయిన ఆడవాళ్ల పొట్ట మీద కనిపించే చారల్లాంటివి ఎర్రగా పడి ఉన్నాయి. ఆ చారలు పూర్తిగా పోయేవి కావు. ఆ సంగతి అతనికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఇంతకీ ఆ ట్యూబులో ఏముంది? ఒక మందు కాదు, మూడు నాలుగు మందులు కలిపి ఉంటాయి. తామర తెచ్చే ఫంగస్‌ను చంపేది ఒకటి, బాక్టీరియాకు ఒకటి రెండు, వాటితోపాటు గట్టి స్టెరాయిడ్. దురద తగ్గించేది ఈ చివరిదే. ఫంగస్ చేరినప్పుడు మన ఒళ్లు దానితో పోరాడుతుంది. ఆ పోరాటమే మనకు ఎరుపుగా, దురదగా తెలుస్తుంది. స్టెరాయిడ్ చేసే పని ఆ పోరాటాన్ని ఆపడం. దొంగను పట్టకుండా, మొరిగే కుక్క నోరు కట్టేసినట్టన్నమాట. ఇంట్లో నిశ్శబ్దంగా ఉంటుంది, దొంగ మాత్రం ఒక్కో గదీ తిరుగుతూనే ఉంటాడు. తామరకు మామూలుగా గుండ్రంగా, అంచు స్పష్టంగా ఉండే ఆకారం కూడా చెదిరిపోయి, ఒక్కోసారి డాక్టర్లే పోల్చుకోలేని స్థితి వస్తుంది. ట్యూబు ఆపిన కొద్ది రోజులకే రెట్టింపు దురద. "చూశావా, మందు ఆపినందుకే వచ్చింది" అని మళ్లీ రాయడం. ఇలా రెండేళ్లు గడిచిపోతాయి.

స్టెరాయిడ్ విషమేమీ కాదు. తామర (ఫంగస్) కాకుండా వచ్చే గజ్జి లాంటి ఎగ్జిమాకు, సోరియాసిస్‌కు, సిమెంటు పడక చేతులు పగిలినప్పుడు స్కిన్ డాక్టర్లు రాసేది అదే. ఎంత గట్టిది, ఒంట్లో ఏ చోట, ఎన్ని రోజులు అన్నది వాళ్లు లెక్క చూసి ఇస్తారు. తొడల సందు, ముఖం లాంటి చోట్ల చర్మం పల్చన కాబట్టి మందు ఎక్కువగా లోపలికి ఇంకుతుంది. మనం ఎక్కువగా రాసేది కూడా సరిగ్గా అక్కడే.

మరి చీటీ లేకుండా ఎట్లా అమ్ముతున్నారు? 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ల పూత మందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మే షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. మన దేశంలోని చర్మవ్యాధుల డాక్టర్లు ఎన్నో ఏళ్లు మొత్తుకుంటే వచ్చిన నిబంధన అది. కాగితం మీద బాగానే ఉంది. కానీ బస్టాండు పక్కన మందుల షాపులో పేరు చెబితే నేటికీ ట్యూబు చేతికొస్తుంది. ఊళ్లో ఆరెంపీ కూడా అదే రాసిస్తాడు. ఈ విషయంలో కూలీని తప్పు పట్టడం మాకు ఇష్టం లేదు. షాపులను చూడాల్సిన డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఉన్నారు, తామరకు స్టెరాయిడ్ కలిపిన మందు తయారు చేసి అమ్ముకునే కంపెనీలు ఉన్నాయి. వాళ్లను వదిలేసి రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో గీరుకుంటున్నవాడిని అనడం అన్యాయం.

దీనికి ఇంకో వైపు ఉంది. మామూలు తామర మందుకు లొంగని ఫంగస్ ఒకటి మన దేశంలో పుట్టుకొచ్చి ప్రపంచమంతా తిరుగుతోంది. 2020లో జపాన్ పరిశోధకులు అక్కడి భారతీయ, నేపాలీ రోగుల్లో దాన్ని గుర్తించి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. (పేరులో మన దేశం చేరింది, సంతోషించే విషయం కాదు.) 2023 మేలో అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ న్యూయార్క్‌లో ఇద్దరికి ఇది వచ్చినట్టు ప్రకటించింది. ఒకామెకు బంగ్లాదేశ్‌లో ఉండగా మొదలైంది, అక్కడ స్టెరాయిడ్ కలిసిన క్రీములు రాసుకున్నారు. రెండో ఆమె ఏ దేశమూ వెళ్లలేదు. తామర మాత్రల్లో అందరికీ తెలిసిన టెర్బినాఫిన్ ఈ రకం మీద చాలాసార్లు పని చేయదు, ఇట్రాకొనజోల్ లాంటి వేరే మందుకు మారాల్సి వస్తుంది. ఏది ఎవరికి ఇవ్వాలన్నది షాపువాడు చెప్పగలిగేది కాదు. ఇట్రాకొనజోల్ కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతో కలవదు, గుండె జబ్బు ఉన్నవాళ్లకూ పడదు.

అయినా మనవాళ్లు డాక్టరు దగ్గరికి ఎందుకు పోరు? మేము అడిగితే మొదట చెప్పింది డబ్బు, సెలవు. కాసేపు కూర్చున్నాక అసలు మాట వచ్చింది: "మచ్చలు చూసి మెడికల్ అన్‌ఫిట్ అంటే?" ఈ భయం గాలిలోంచి పుట్టింది కాదు. గల్ఫ్ వీసా మెడికల్‌లో హెచ్ఐవీ, టీబీ, హెపటైటిస్‌లతో పాటు కుష్టు కూడా చూస్తారు. కానీ తామర ఆ కోవలోది కాదు. తేడా తెలుసుకోవడమూ కష్టం కాదు. తామర దురద పెడుతుంది. కుష్టు మచ్చ సాధారణంగా దురద పెట్టదు, పాలిపోయినట్టుండి అక్కడ ముట్టుకుంటే తెలియదు, తిమ్మిరిగా ఉంటుంది. అటువంటి మచ్చ ఉంటే దాచుకోవడం వల్ల లాభం లేదు, చేతులూ కాళ్లూ వంకర పోయేదాకా ఆగకూడదు. ఆ జబ్బుకు ఆరు నెలల నుంచి ఏడాది మందులు వాడితే నయమవుతుంది, మన దేశంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ మందులు ఉచితం.

డబ్బు సంగతి ఇప్పుడు కొంత మారింది. యూఏఈలో దుబాయి, అబుదాబిలకే ఉన్న ఆరోగ్య బీమా నిబంధన 2025 జనవరి 1 నుంచి మిగతా ఎమిరేట్లకూ వచ్చింది, ఖర్చు కంపెనీ పెట్టుకోవాలి. సౌదీలో ప్రైవేటు కంపెనీలకు అది అంతకుముందు నుంచే ఉంది. కార్డు తీసి క్లినిక్కు పోతే కొంత మన జేబులోంచి పోవచ్చు. రెండు నెలల ట్యూబుల ఖర్చుతో పోల్చి చూసుకోవాలి మరి. ఖల్లివెల్లి అయి కార్డే లేనివాళ్ల బాధ వేరు, వాళ్లకు ఈ మాటలు ఏ మాత్రం పనికొస్తాయో మాకు తెలుసు.

లోపల డాక్టరు చేసేది పెద్ద తతంగం కాదు. మచ్చ అంచున చర్మాన్ని కొద్దిగా గీకి, గాజు పలక మీద ఒక చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి మైక్రోస్కోపులో చూస్తారు. నొప్పి ఉండదు. ఫంగస్ అని తేలితే వారాల తరబడి, ఒక్కోసారి రెండు మూడు నెలలు మాత్రలు, స్టెరాయిడ్ లేని క్రీము ఇస్తారు. మచ్చ పోయినట్టు కనిపించాక కూడా కొన్నాళ్లు వాడమంటారు. అక్కడే మనవాళ్లు ఆపేస్తారు. పాత ట్యూబు మానేసిన మొదటి వారం రెండు వారాలు దురద పెరగవచ్చు, అది డాక్టరుకు ముందే చెప్పుకుంటే దానికి వేరే మందు ఇస్తారు. ఇక తువ్వాలు, లోదుస్తులు, బెడ్‌షీట్ ఎవరివి వారికే ఉండాలి, వేడి నీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. చెమటతో తడిసిన బిగుతు జీన్సు తామరకు పుట్టిల్లు. రూములో ఒక్కడే మందు వాడితే పక్క మంచం నుంచి మళ్లీ అంటుకుంటుంది.

రాత్రి పూట పెరిగే దురద, వేళ్ల సందుల్లో, నడుము దగ్గర పొక్కులు ఉంటే అది తామర కాదు, గజ్జి పురుగు. అక్కడ స్టెరాయిడ్ ట్యూబు రాస్తే ఇంకా పెరుగుతుంది. పర్మెత్రిన్ క్రీమును మెడ నుంచి కాళ్లదాకా రాసి రాత్రంతా ఉంచి, వారానికి మళ్లీ రాయాలి. రూములో అందరూ ఒకే రోజు రాసుకోవాలి, దురద లేనివాళ్లు కూడా. పురుగు చచ్చాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది. మందు పని చేయలేదని కంగారుపడి ట్యూబు కోసం వెతకొద్దు. ఎండాకాలం చెమటకాయలకు మందు అక్కర్లేదు, గాలి తగలాలి, చల్లగా ఉండాలి. తడి సిమెంటుతో పని చేసేవాళ్ల చేతులు మండితే అది క్షారం వల్ల కావచ్చు, అందులో ఉండే క్రోమియం పడకపోవడం వల్ల కావచ్చు. గ్లవుసు లోపలికి సిమెంటు పోతే లేనిదానికంటే ఎక్కువ హాని.

కువైట్, మస్కట్ ఇళ్లలో పని చేసే మన అక్కాచెల్లెళ్లు ముఖం మీద నల్ల మచ్చలకని రాసే క్రీముల్లోనూ ఇదే స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. మొదటి నెల తెల్లగా అనిపించి, తర్వాత ముఖం ఎర్రబడి ఎండలోకి పోతే మండుతుంది. డబ్బా మీద పేరు చివర "సోన్" అని ఉంటే, లేదా క్లోబెటాసోల్ అని ఉంటే అది స్టెరాయిడే.

క్లినిక్కు పోయేటప్పుడు సిగ్గుపడి ఆ పాత ట్యూబును దాచిపెట్టి పోతారు. దాన్ని జేబులో వేసుకుని పోవాలి, ఎన్ని నెలలు రాశారో చెప్పాలి. డాక్టరు మొదట అడిగేది అదే.