అనిగెపుకాయకు బబ్బెర్ల తోడు

జగిత్యాల, కోరుట్లలో బీడీలు చుట్టే అక్కలు, సిరిసిల్లలో మరమగ్గాలకు కండెలు చుట్టే చెల్లెళ్లు పొద్దంతా కూర్చునే పని చేస్తారు. ఇంటిల్లిపాదికీ వడ్డించి, మిగిలిన అన్నంలో ఇంత పచ్చడి కలుపుకొని, పైన ఒక చాయ్ తాగి సరిపెట్టుకునేవారెందరో! ఇక ఒంట్లో రక్తం ఎలా పడుతుంది చెప్పండి?

అనిగెపుకాయ, అదే సొరకాయ, ఒంటికి చలువే. కానీ అందులో 90 శాతానికి పైగా నీళ్లే. బలం కావాలంటే బబ్బెర్లు తోడుండాలి. 100 గ్రాముల ఎండు బబ్బెర్లలో దాదాపు 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఇనుమూ ఉంటుంది. మాంసం కొనలేని రోజున ఈ కూర చేసి చూడండి.

కావలసిన పదార్థాలు (నలుగురికి): లేత అనిగెపుకాయ అరకిలో, బబ్బెర్లు 200 గ్రాములు, ఉల్లిగడ్డ 1, పచ్చిమిర్చి 4, ఎల్లిపాయ రెబ్బలు 6, వేయించిన నువ్వుల పొడి 2 చెంచాలు, నూనె 2 చెంచాలు, నిమ్మచెక్క 1, పోపు గింజలు, కరివేపాకు, పసుపు, ఉప్పు.

తయారుచేసే విధానం: బబ్బెర్లు రాత్రే నానబెట్టాలి. పొద్దున ఆ నీళ్లు వంపేసి, కొత్త నీళ్లతో కుక్కర్‌లో మూడు కూతలు రానివ్వాలి. కాయ కోయగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే విషమే, మొత్తం పారేయాలి. పోపులో ఉల్లిగడ్డ, మిర్చి, ఎల్లిపాయ వేగాక పసుపు, ముక్కలు వేసి మూతపెట్టి మగ్గనివ్వాలి. బబ్బెర్లు, ఉప్పు, నువ్వుల పొడి కలిపి ఐదు నిమిషాలాగి దించాలి. నిమ్మరసం దించాకే పిండాలి. పొయ్యి మీద పిండితే దానిలోని సి విటమిన్ తగ్గిపోతుంది. గింజల్లోని ఇనుము ఒంటికి బాగా పట్టడానికి అది తోడ్పడుతుంది. బబ్బెర్లు ఉడికిన నీళ్లు మిగిలితే చారు కాచుకోండి.

ముల్లంగి, గోబిపువ్వు కూడా ఇలాగే వండొచ్చు. ముల్లంగి ఆకులు మాత్రం పారేయకండి, పప్పులో వేయండి.

తిన్న వెంటనే చాయ్ వద్దు. అది ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఓ గంట ఆగండి. నీరసం, ఆయాసం ఎక్కువగా ఉంటే కూరతోనే సరిపెట్టక రక్తపరీక్ష చేయించుకుని, డాక్టరు ఇచ్చిన గోలీలు వాడండి.

చివరగా ఒక్క మాట. వడ్డించేముందే మీ వాటా ఒక గిన్నెలో తీసిపెట్టుకోండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు!