పక్కన ఇంకో రాడ్ వేస్తే సరా?

స్లాబు నుంచి రెండు రాడ్లతో వేలాడే చానెల్ మీద డక్ట్ కూర్చుంటుంది. ఆ సపోర్టు బరువు ఆపడం లేదంటే సైటులో ఠక్కున వచ్చే జవాబు ఒక్కటే: "పక్కన ఇంకో రాడ్ వేసెయ్." చానెల్ నడుము వంగినా, నట్టు కింద వాషర్ కుంగినా అదే మందు. మేస్త్రీ అంటే అలవాటనుకోవచ్చు. ఇంజనీర్లూ తలూపుతున్నారు, నా తగాదా వాళ్లతోనే.

1500 × 750 మిల్లీమీటర్ల డక్ట్, 1.2 మిల్లీమీటర్ల జీఐ రేకు అనుకుందాం. మీటరుకు రేకు ఒక్కటే 42 కిలోలు. ఫ్లాంజిలు, ఇన్సులేషన్ కలిస్తే ఇంకా పెరుగుతుంది. అదైనా రెండు రాడ్లకు పెద్ద బరువేం కాదు. గొడవ తర్వాత మొదలవుతుంది. అదే చానెల్ మీద కరెంటువాళ్లు కేబుల్ ట్రే ఎక్కిస్తారు, స్ప్రింక్లర్ వాళ్లు పైపు తగిలిస్తారు, ఇంకెవరో చానెల్‌కే రంధ్రం వేసి కింద మరో డక్ట్ దించుతారు. ఎవరి డ్రాయింగు వాళ్లది. మొత్తం బరువు ఎవరి లెక్కలోనూ ఉండదు.

"పది ఎంఎం రాడ్ సార్, రెండు టన్నులకీ తెగదు" అంటారు. తెగదు, నిజమే. ఊడేది పైన స్లాబులో. రాడ్‌ను స్లాబుకు పట్టి ఉంచే యాంకర్ 40 మిల్లీమీటర్లే దిగితే, రాడ్ తెగడానికి చాలా ముందే, చుట్టూ ఉన్న కాంక్రీటును గరాటులా పెకలించుకుని వస్తుంది. ఆ గరాటు నోరు లోతుకు మూడింతలు, సుమారు 120 మిల్లీమీటర్లు. 80 మిల్లీమీటర్ల ఎడంలో ఇంకోటి కొడితే రెండూ ఒకే కాంక్రీటు మీద ఆధారపడతాయి, బలం రెట్టింపు కాదు. పైగా బరువు దించకుండా వేసిన కొత్త రాడ్, పాతది జారేదాకా, దాదాపు ఊరికే వేలాడుతుంది. పోస్ట్ టెన్షన్ స్లాబయితే కొత్త రంధ్రం లోపల బిగించిన ఉక్కు కేబుల్‌కే తగలొచ్చు.

1981 జూలై 17న అమెరికాలోని కాన్సస్ సిటీ హయత్ రీజెన్సీ హోటల్లో వేలాడే నడకదారులు కూలి 114 మంది పోయారు. డిజైనులో రెండు అంతస్తుల నడకదారులకూ ఒకే పొడవాటి రాడ్. కట్టేటప్పుడు దాన్ని రెండుగా చేసి, కింది నడకదారిని పై నడకదారి దూలానికి తగిలించారు. పై నట్టు మీద బరువు రెట్టింపయింది, దూలం చీలి నట్టు జారిపోయింది. రాడ్లు తెగలేదు. చానెల్‌కు రంధ్రం వేసి కింది డక్ట్ దించేవాళ్లు చేస్తున్నదీ ఈ పనే.

"సేఫ్టీ ఫ్యాక్టర్ ఉందిలే" అనేది చివరి వాదన. ఆ మిగులు కాంక్రీటు పగుళ్లకూ, వంకర డ్రిల్లింగుకూ ఉంచింది. ట్రే వాళ్లకు అప్పివ్వడానికి కాదు.

మరి చేయాల్సిందేమిటి? ముందు కింద మనుషుల్ని తప్పించి, జాకీలతో డక్ట్‌ను ఎత్తిపట్టాలి. అదనపు బరువును వేరే సపోర్టులకు మార్చి, కొత్త యాంకర్లు తగినంత ఎడంగా వేసి, లాగి పరీక్షించాలి. పని ఆగిపోతుందని కాంట్రాక్టరు మొత్తుకుంటాడు. మొత్తుకోనివ్వండి. ఆ ఖర్చంతా డక్ట్ వాళ్ల నెత్తిన రుద్దడం మాత్రం అన్యాయం. అడగకుండా ట్రే ఎక్కించినవాళ్ల బిల్లులోనూ కోత పడాలి.