ఇంటి లెక్క, ల్యాబు లెక్క

చక్కెర వ్యాధి ఉన్న ఇళ్లలో గ్లూకోమీటరు ఇప్పుడు మామూలు వస్తువైంది. వరంగల్, హన్మకొండ, కాజీపేట మందుల షాపులలో సులభంగా దొరుకుతున్నది. ఇది సంతోషించవలసిన విషయమే. అయితే దీనితోపాటు ఒక కొత్త తగవు కూడా బయలుదేరింది. పరగడుపున ఇంట్లో వేలు గుచ్చి చూసుకుంటే 178. అదే ఉదయం ల్యాబులో 160. ఏది నిజం? మీటరు చెడిందని కొందరు, ల్యాబువారు పొరబడ్డారని మరికొందరు. తగవు అంతటితో ఆగితే ఫరవాలేదు. తక్కువ అంకెను నమ్మి మాత్ర మానుకున్నా, ఎక్కువ అంకెకు బెదిరి తమంతట తామే ఇన్సులిన్ పెంచుకున్నా ముప్పే. మొదటి దానివల్ల కళ్లు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. రెండవ దానివల్ల చక్కెర ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పవచ్చు.

నిజానికి ఆ రెండంకెలలో ఏదీ అబద్ధం కాకపోవచ్చు. మీటర్లకు 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ఒకటున్నది. చక్కెర 100 మిల్లీగ్రాములు, ఆపైన ఉన్నప్పుడు నూటికి 95 ఫలితాలు ల్యాబు లెక్కకు 15 శాతం అటూ ఇటూగా ఉంటే చాలు. 100 లోపు అయితే 15 మిల్లీగ్రాముల తేడా వరకు ఒప్పుకుంటారు. ఆ లెక్కన ల్యాబులో 160 వచ్చినవారికి మీటరులో 136 నుంచి 184 వరకు ఏది వచ్చినా అది హద్దులో ఉన్నట్లే.

పైగా పరీక్షించే రక్తం కూడా ఒకటి కాదు. మీటరు చూసేది వేలి కొస రక్తపు చుక్కను. ల్యాబు చూసేది చేతి నరంలోంచి తీసి, రక్తకణాలను వేరుచేసిన ద్రవాన్ని. పరగడుపున రెండింటికీ తేడా స్వల్పమే. భోజనం చేశాక మాత్రం వేలి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటుంది. ఎనుమాముల మార్కెట్టుకు పత్తి తెచ్చే రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మంచుకు తడిసిన పత్తి, ఎండకు ఆరిన పత్తి ఒకే తూకం చూపవు. అంతమాత్రాన కాంటా దొంగది కాదు.

ఇంట్లో జరిగే పొరపాట్లూ ఉన్నాయి. మామిడిపండు తిన్న చేతిని కడుక్కోకుండా వేలు గుచ్చితే మీటరు పండులోని చక్కెరను కూడా లెక్కిస్తుంది. పట్టీల డబ్బా మూత తీసి ఉంచినా, ఓరుగల్లు ఎండలో స్కూటరు డిక్కీలో వదిలినా పట్టీలు పాడవుతాయి. గడువు దాటిన పట్టీ సంగతి సరేసరి. రక్తహీనత ఉంటే మీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనులే. కనుక ఇది చిన్న విషయం కాదు.

అలాగని ల్యాబు లెక్కకూ దోషం అంటదని కాదు. తీసిన రక్తాన్ని అలాగే ఉంచితే అందులోని కణాలు చక్కెరను వాడుకుంటూనే ఉంటాయి. గంటకు 5 నుంచి 7 శాతం దాకా తగ్గిపోతుంది. తెలంగాణ డయాగ్నస్టిక్స్ పథకం కింద ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో రక్తం తీసి జిల్లా ల్యాబుకు పంపడం పేదలకు ఎంతో మేలు చేసింది. అయితే పల్లె నుంచి ఆ గొట్టం ప్రయాణించే గంటలు కూడా లెక్కలోకి రావాలి. ఫ్లోరైడు కలిపిన గొట్టం వాడినా మొదటి గంటా రెండు గంటల నష్టం పూర్తిగా ఆగదు. చల్లగా ఉంచడం, త్వరగా కణాలను వేరుచేయడం అవసరం.

ఇక మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్షతో మరో చిక్కు. అది 7 శాతం అంటే సగటు చక్కెర సుమారు 154, 8.5 అంటే సుమారు 197. ఇంట్లో రోజూ 130 చూసేవారు ల్యాబులో 8.5 రాగానే మోసమంటారు. వారు చూస్తున్నది పరగడుపు అంకెను మాత్రమే. భోజనానంతరం పెరిగిన చక్కెర ఆ సగటులో దాగి ఉంటుంది. ఇనుము లోపం వల్ల కూడా ఈ శాతం కొంత పెరుగుతుందని డాక్టర్లు గమనించాలి.

కాబట్టి పోల్చదలచినవారు మీటరును ల్యాబుకే తీసుకువెళ్లాలి. పరగడుపున చేతులు సబ్బుతో కడిగి, తుడుచుకుని, నరం నుంచి రక్తం తీసిన ఐదు నిమిషాలలో వేలు గుచ్చి అంకె రాసుకోవాలి. తేడా 15 శాతం దాటితే కొత్త డబ్బా పట్టీతో మళ్లీ చూడాలి. అప్పటికీ దాటితే మీటరు మార్చాలి. వ్యాధి ఉన్నదీ లేనిదీ తేల్చడానికి ల్యాబు పరీక్షే ఆధారం; ఇంటి మీటరు రోజువారీ మంచిచెడ్డలు చూసుకోవడానికి. మందు మోతాదు మార్చవలసింది డాక్టరే.

భారమంతా రోగి మీద వేయడం న్యాయం కాదు. రక్తం తీసిన వేళ, పరీక్ష చేసిన వేళ ప్రతి ల్యాబూ రిపోర్టు మీద ముద్రించాలి. ఎంజిఎం ఆసుపత్రి, మండల కేంద్రాల ఆసుపత్రులు నెలకొక రోజు రోగుల మీటర్లను ల్యాబు ఫలితంతో సరిచూసే ఏర్పాటు చేయాలి. ఇందుకు కొత్త భవనం అక్కరలేదు. ఒక బల్ల, ఒక ఉద్యోగి, ఒక రిజిస్టరు చాలు. ఆరోగ్యశాఖ అధికారులు ఈ దిశగా శ్రద్ధ వహించవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.