ఉరకడం ఒక్కటే చాలదు

"గిరిజన పిల్లలకు ఆటలు నేర్పనక్కర్లేదు, పుట్టుకతోనే ఉరుకుతారు" అని చాలామంది అంటారు. మెచ్చుకుంటున్నారని మనం కూడా సంతోషపడతాం. కాని ఈ మాట వల్ల మనకు మేలు కన్నా నష్టమే ఎక్కువ అని నా అభిప్రాయం. ఎందుకంటే, పుట్టుకతోనే వస్తుంది అనుకున్నదాన్ని ఎవరూ నేర్పరు.

సెలక్షన్లు ఎట్లా జరుగుతున్నాయో చూడండి. రేపు సెలక్షన్ అంటే ఇవ్వాళ సాయంత్రం ప్రాక్టీసు. దాహమైనప్పుడు బావి తవ్వినట్టు! పోయిన ఏడు మన కబడ్డీ పిల్లలు తెల్లవారుజామున మూడింటికి లేచి జీపులో పోయారు. ఇద్దరికి దారి పొడుగునా వాంతులు. జీపు దిగగానే ఆడమన్నారు. అరగంటలో లిస్టు చదివారు. మనవాళ్ల పేర్లు లేవు. వాళ్లలో ఒక అక్క దసరా సెలవులకు ఇంటికి పోయి మళ్లీ రాలేదు. "ఆటకు కూడా పనికి రాలేదు గదా, ఇంక బడి ఎందుకు" అన్నాడట వాళ్ల నాయన. అరగంట చూసి ఒక పిల్ల పనికి రాదని ఎట్లా చెబుతారు?

ఒడిశాలో భువనేశ్వర్‌లో ఆదివాసీ పిల్లలు ఉండి చదువుకునే పెద్ద బడి ఉంది. పేరు కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్. అక్కడ రగ్బీ నేర్పుతారు. రగ్బీ బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని చేత పట్టుకొని ఉరకవచ్చు గాని చేతితో ముందుకు విసరకూడదు, పక్కవాళ్లకో వెనకవాళ్లకో అందించాలి. కనుక ఒక్కరు ఎంత ఉరికినా గెలవరు, అందరూ కలిసి సాధన చేయాలి. అట్లా నేర్చుకున్న ఆ బడి పిల్లలు 2007లో లండన్‌లో 14 ఏళ్ల లోపు బడిపిల్లల అంతర్జాతీయ పోటీలో గెలిచారు. అక్కడే చదివిన సుమిత్రా నాయక్ భారత మహిళల జట్టులో ఆడింది. ఆ జట్టు 2019లో మనీలాలో సింగపూర్‌ను 21-19తో ఓడించింది.

అంత దూరం ఎందుకు, మన పూర్ణక్కనే చూడండి. మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా లంబాడీ పిల్ల, గురుకులంలో చదివింది. 2014 మే 25న, 14 ఏళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. తండా పిల్లకు గుట్టలెక్కడం వచ్చులే అని ఊరికే పంపలేదు. ముందు వందకు పైగా పిల్లలకు భువనగిరి గుట్ట మీద నేర్పారు. తరువాత కొందరిని డార్జిలింగ్, లడక్ తీసుకుపోయారు. నెలల తరబడి నేర్పి, చూసి, చివరికి పూర్ణక్కనూ ఆనంద్ కుమార్ అన్ననూ ఎన్నుకున్నారు. అంటే తర్ఫీదు ముందు, ఎంపిక తరువాత. మనకు అది తలకిందులయింది.

ఆటలాడితే చదువు పాడవుతుందని కొందరు సార్లు అంటారు. పొద్దున ఒక గంట ఆడితే చదువు పాడవదు. పొద్దున ఆడిన పిల్లలు స్టడీ అవర్‌లో తూగుతారని అంటే, తిండి చాలడం లేదని అర్థం.

పెద్దలకు నా మనవి:
1. జూన్‌లో బడి తెరవగానే 30 మంది ఆడపిల్లలతో జట్టు పెట్టి రోజూ నేర్పాలి.
2. ఆ 30 మందికీ పొద్దున ఒక గుడ్డు, పల్లీపట్టీ ఎక్కువ ఇవ్వాలి.
3. సెలక్షన్‌కు ముందురోజే మేడమ్‌ను తోడిచ్చి పంపాలి. రాత్రి నిద్రపోయి పొద్దున ఆడతారు.
4. లిస్టులో పేరు రాని పిల్లను జట్టులోంచి తీసేయకూడదు. ఏది తక్కువైందో చెప్పి మళ్లీ నేర్పాలి.

నాలుగోదే అన్నిటికన్నా ముఖ్యం. పేరు వచ్చిన పిల్ల ఎట్లాగూ ముందుకు పోతుంది. పేరు రాని పిల్ల ఇంటికి పోకుండా బడిలో నిలబడాలి.

— 9వ తరగతి విద్యార్థిని