వేలిముద్ర ఎవరిది, శరీరం ఎవరిది?

1929లో కెన్యా కొండసీమల్లోని స్కాట్లండ్ చర్చి మిషన్ తన కికుయు సభ్యుల్ని ఒక ప్రతిజ్ఞ కింద వేలిముద్ర వెయ్యమంది. ఆడపిల్లల జననాంగాల్ని కోసే ఆచారాన్ని వదిలేస్తామనీ, దాన్ని సమర్థించే కికుయు సెంట్రల్ అసోసియేషన్‌లో ఉండమనీ ఆ ప్రతిజ్ఞ. వెయ్యనివాళ్ళలో చాలామంది చర్చి సభ్యత్వాన్నీ, మిషన్ బడుల్లో చోటునూ పోగొట్టుకున్నారు. వాళ్ళు సొంత చర్చీలు, సొంత బడులు పెట్టుకున్నారు. అలా ఆ ఆచారం జాతి గౌరవానికి గుర్తయింది. 1938లో జోమో కెన్యాట్టా 'ఫేసింగ్ మౌంట్ కెన్యా'లో దాన్ని గట్టిగా సమర్థించాడు.

మిషనరీలు చెప్పిన నొప్పి, కాన్పు కష్టాలు అబద్ధం కాదు. కోతకు భయపడి మిషన్లలో తలదాచుకున్న పిల్లలున్నారు. కత్తి పట్టిందీ స్త్రీలే. అయితే అదే వలస పాలన కికుయుల భూముల్ని తెల్లవాళ్ళకు కట్టబెట్టింది, గుడిసె పన్ను వేసింది. ఆడవాళ్ళ చేత తెల్లవాళ్ళ తోటల్లో బలవంతపు చాకిరీ చేయించడాన్ని ఎదిరించిన హారీ తుకును 1922లో నిర్బంధించింది. ఆయన విడుదల కోసం నైరోబీలో గుమిగూడిన జనాన్ని ముందుకు నడిపిన మేరీ ముథోని న్యాంజిరు పోలీసు కాల్పుల్లో చనిపోయింది. ఏడేళ్ళ తర్వాత మిషన్ ప్రతిజ్ఞ పత్రంలోకి ఎక్కిన 'స్త్రీల సమస్య'లో ఈ చాకిరీకి చోటు లేదు.

1956లో మేరు ప్రాంతంలో వలస అధికారుల ప్రోద్బలంతో మగపెద్దల సభ ఈ ఆచారాన్ని నిషేధించింది. ఆడపిల్లలు బ్లేడ్లు కొనుక్కుని ఒకరినొకరు కోసుకున్నారు! మూడేళ్ళలో 2,400 మందికి పైగా కేసులపాలయ్యారు. తమను అడగకుండా పైనుంచి దిగిన నిషేధం, కోతనే ధిక్కారంగా మార్చింది.

కాబట్టి చట్టం వద్దంటామా? కాదు. 2011లో స్వతంత్ర కెన్యా పార్లమెంటు తెచ్చిన నిషేధ చట్టం వెనుక ఆ దేశపు స్త్రీల పోరాటం ఉంది. 2021లో హైకోర్టు దాన్ని నిలబెట్టింది. మేరు పక్కనే ఉన్న థరాకాలో 1996లో తల్లులు, కూతుళ్ళు కలిసి కత్తి లేకుండా, మాటలతో, బోధనతో ఈడొచ్చిన వేడుక జరుపుకోవడం మొదలుపెట్టారు. ఆచారాన్ని లోపలినుంచి మార్చడమంటే ఇదే.

'సంస్కృతి' అనేవాళ్ళూ 'సంస్కరణ' అనేవాళ్ళూ స్త్రీ శరీరాన్ని సరిహద్దు రాయిగా పాతుకున్న చరిత్ర ఇది. ఊళ్ళలో పనిచేసే మనం కూడా ప్రతిజ్ఞ పత్రాలు పట్టుకెళ్తాం, సంతకాలు తీసుకుంటాం. ఆ కాగితంలో ఏం రాయాలో అక్కడి ఆడవాళ్ళను ముందుగా అడిగామా? వాళ్ళ కూలి, భూమి, చాకిరీ అందులో ఉన్నాయా? ఈ ప్రశ్నలు మనల్ని మనం వేసుకోవాల్సినవి.