మొదటి వెయ్యి కిలోమీటర్లు

మా ఇంట్లో ఎవరు విశాఖ ఆసుపత్రికి వెళ్లాలన్నా, ఏ పెళ్లికి బయల్దేరాలన్నా ఎచ్చెర్లలో ఒక టాక్సీ ఆయనకే ఫోను. పేరెందుకులెండి. రెండు లక్షల కిలోమీటర్లు దాటిన డీజిల్ బండి. కిందటేడు పొగ కక్కడం మొదలెట్టింది. ఇంజిను దింపించి, బోరు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేయించాడు. ఆ ఖర్చుకి ఇంట్లో గాజులు బ్యాంకుకెళ్లాయి.

బండి అప్పగిస్తూ మెకానిక్ ఒకే మాట చెప్పాడు. ‘వెయ్యి కిలోమీటర్ల దాకా మెల్లగా నడుపు’. ఈయన తు.చ. తప్పలేదు. 16వ నంబరు హైవే (మా నాన్నగారి తరానికి అదింకా ఐదో నంబరే) ఎక్కితే టాప్ గేరు, నలభై. చిలకపాలెం నుంచి విశాఖ దాకా అదే నలభై. వెనక లారీలవాళ్లు హారన్లతో తిట్టిపోసినా, ఎక్కినవాళ్లు వాచీలు చూసుకున్నా సరే. తీరా మూడు వేలు తిరిగేసరికి మళ్లీ నీలిపొగ. వారం వారం ఆయిలు తరిగిపోతోంది.

‘‘నలబై దాటనివ్వనేదు బాబూ. సంటిగుంటణ్ని సూసుకున్నట్టు సూసుకున్నాను. ఏటయిపోనాదో తెల్దు’’ అన్నాడు, గొంతు పూడుకుపోతుంటే.

మళ్లీ విప్పారు. సిలిండరు గోడ అద్దంలా తళతళలాడుతోంది. మనలాంటివాళ్లం చూస్తే ఎంత బాగుందో అనుకుంటాం. జబ్బు ఆ మెరుపే.

బోరు చేశాక సిలిండరు లోపలి గోడని హోనింగ్ రాళ్లతో గీస్తారు. ఏటవాలుగా, ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయే సన్నటి గీతలవి. వాటిలో ఆయిలు నిలబడుతుంది. గీతల అంచులు రింగుని, రింగు ఆ అంచుల్ని కొంచెం కొంచెం అరగదీసుకుని రెండూ ఒకదానికొకటి అతుక్కున్నట్టు సరిపోవాలి. రింగులు ‘కూర్చోవడం’ అంటారు దీన్ని. అయితే రింగు తనకున్న స్ప్రింగు బలంతో గోడని ఆనుకునేది కొద్దిగానే. ఇంధనం మండినప్పుడు పుట్టిన గ్యాసు రింగు వెనక్కి దూరి దాన్ని గోడకేసి నొక్కుతుంది. యాక్సిలరేటరు మీద కాలు పడితేనే ఆ నొక్కుడు. నున్నటి రోడ్డు మీద కాలు ఆనీ ఆనకుండా గంటలకొద్దీ ఒకే వేగంతో పోతే రింగులు కూర్చోవు. వాటిని తప్పించుకుని పైకొచ్చిన ఆయిలు కాలి, గోడ మీద వార్నిష్‌లా పట్టేస్తుంది. గీతలు పూడిపోతాయి. ఇక ఆ రింగులు ఎన్నాళ్లకీ కూర్చోవు. షెడ్డులో రాత్రంతా బండిని ఐడిల్లో వదిలేస్తే మంచిదని కొందరంటారు. అదీ ఇలాంటి పొరపాటే.

మరి ఎలా నడపాలి? ఇంజిను వేడెక్కనిచ్చి, రెండో గేరులో, మూడో గేరులో సగం పైగా తొక్కి వేగం అందుకోవాలి. కాలు తీసి దానంతటది తగ్గనివ్వాలి. మళ్లీ అందుకోవాలి. అలాగని ఎర్రగీత దాకా లాగమని కాదు. పదిమందిని కుక్కి, నెత్తిన సామాను కట్టి వెళ్లడం, ఎత్తు ఎక్కేటప్పుడు పై గేరులోనే ఈడ్చడం ఇప్పుడు పనికిరావు.

షోరూము నుంచి వచ్చే కార్లకి గోడలు ఇంకా నున్నగా తీర్చే పంపుతున్నారు. అయినా మొదటి వెయ్యి కిలోమీటర్లు ఒకే వేగంతో ఎక్కువసేపు పోవద్దని ఇప్పటికీ చాలా కంపెనీల పుస్తకాల్లో ఉంటుంది. మనవాళ్లేమో అరసవల్లిలో పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, నేరుగా హైవే ఎక్కేస్తారు. పుస్తకం మాత్రం ప్లాస్టిక్ కవరు విప్పకుండా డ్యాష్‌బోర్డు అరలో నిద్రపోతుంటుంది. పాత అంబాసిడర్ల రోజుల్లో వెనక అద్దానికి ‘రన్నింగ్ ఇన్’ అని చీటీ అంటించేవారు. ఆ అంబాసిడరూ 2014లో ఆగిపోయింది, చీటీ అంతకుముందే మాయమైంది.

టాక్సీ ఆయన బండికి గోడలు మళ్లీ గీయించి, మళ్లీ కొత్త రింగులు వేయించారు. ఈసారి హైవేకి దణ్ణం పెట్టి, చిలకపాలెం దగ్గర రాజాం రోడ్డుకి తిప్పుతున్నాడు. ఊళ్లు, మలుపులు, అడ్డంగా గేదెలు. వేగం పెంచకా తగ్గించకా తప్పదు. విశాఖ కిరాయిలు వేరేవాళ్లకి ఇచ్చేస్తున్నాడు. మా అత్తయ్యని కంటి పరీక్షకి తీసుకెళ్లనన్నాడు కూడా. బ్యాంకులో వడ్డీ మాత్రం ఆగదు కదా.

ఐదొందలకి ఆయిలు మార్పించినప్పుడు నేనూ షెడ్డులోనే ఉన్నాను. పాత ఆయిలు బొట్టు వేలిమీద వేసుకుని ఎండలో చూపించాడు. వెండిపొడిలా మెరుస్తోంది. కొత్త రుబ్బురోలు తెచ్చిన ఇంట్లో మొదటి వాయి పిండి ఎవరూ తినరు, రాతిపొడి ఉంటుందని పారబోస్తారు. ఇదీ అంతే. కొత్త కార్లకి ఎప్పుడు మార్చాలన్నది మాత్రం ఆ అరలో పుస్తకం చెప్పినట్టే వినండి.

మొన్న ఆదివారం మీటరు 740 దగ్గరుంది. మా వీధిలో బండి ఆపి, అడక్కుండానే బానెట్ ఎత్తాడు. డిప్‌స్టిక్ లాగి గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసి నా కళ్ల ముందు పెట్టాడు. ఆయిలు పై గీత దగ్గరే ఉంది.

‘‘ఇంకా రెండొందల అరవై ఉన్నాయి బాబూ’’ అని బానెట్ దించేశాడు.