ముత్యం చెప్పని చరిత్ర

దోహా మ్షేరెబ్‌లోని బిన్ జల్మూద్ గృహం ఒకనాడు బానిసల వ్యాపారి ఇల్లు. 2015 నుండి బానిసత్వ చరిత్రను తెలిపే ప్రదర్శనశాల. మన పిల్లలకు దానిని తప్పక చూపాలని నా మనవి.

రసాయన శాస్త్రజ్ఞుడిగా నేను ముత్యాన్ని కాల్షియం కార్బొనేటు పొరలుగా, వాటిని బంధించే మాంసకృత్తులుగా విశ్లేషించగలను. దానిని సముద్రగర్భం నుండి తెచ్చినదెవరో మాత్రం ఏ విశ్లేషణా తెలుపదు. తూర్పు ఆఫ్రికా నుండి బలవంతంగా తెచ్చిన వారెందరో ఇక్కడి సముద్రంలో మునిగారు. ముక్కుకు ‘ఫితామ్’ అనే పట్టు, కాలికి రాయి, పైన పడవలో తాడు పట్టుకొన్న ‘సైబ్’! ఊపిరి ఎంతసేపు బిగబట్టాలి, తాడును ఏ క్షణాన కదపాలి అన్నవి శరీరం నేర్చిన లెక్కలు. వీటిని వట్టి కాయకష్టమని తీసివేయటం అన్యాయమే. 1952లో ఖతర్ బానిసత్వాన్ని రద్దుచేసే నాటికి ముత్యాల వ్యాపారమే దాదాపు అంతరించింది.

వరికీ ఇదే అన్యాయం జరిగింది. అమెరికాలోని దక్షిణ కరోలినాలో వరిసాగుకు పశ్చిమాఫ్రికా బానిసల జ్ఞానమే ఆధారమని జుడిత్ కార్నీ 2001లో తన గ్రంథంలో వాదించారు. ఆటుపోట్ల నీటిని గట్లతో అదుపుచేసే విద్య వారికి స్వదేశంలోనే తెలుసు. అంత ఘనత వారికి ఇవ్వరాదనే చరిత్రకారులూ ఉన్నారు. నేను కార్నీ పక్షమే. గోదావరి సీమలో మా తాతగారు మడికి నీరు వదలే వేళను మట్టి తాకి నిర్ణయించేవారు. మేమెవ్వరమూ దానిని శాస్త్రమనలేదు.